చదువు నామవాచకమా, క్రియా? పరీక్షలో తప్పు పెట్టారు

లీలామహల్_సర్కిల్
మా పాప ఐదో తరగతి. మొన్న తెలుగు పరీక్షలో "కింది పదాల్లో క్రియలకు గీత గీయండి" అని ఒక ప్రశ్న ఇచ్చారు. పదాలు: బల్ల, చదువు, పండు, తిను, నవ్వు, కొండ, పరుగెత్తు. మాది చదువు, తిను, నవ్వు, పరుగెత్తు, ఈ నాలుగింటికీ గీసింది. చదువు, నవ్వు తప్పని కొట్టేసి, పక్కన ఎర్ర ఇంకుతో "నామవాచకం" అని రాసి పంపించారు. బడికి పోయి అడిగితే "జవాబుల షీట్‌లో అట్లే ఉంది మేడమ్" అన్నారు. అంతకుమించి మాట లేదు.

మార్కు పోతే పోనీ. "రోజూ టీవీ కట్టేసి చదువు, చదువు అంటావు కదమ్మా, మరి అది చేసే పని కాదా?" అని పాప అడిగింది. ఏం చెప్పాలో తోచలేదు. "వాళ్ల అన్న చదువు అయిపోయింది" అంటే అది నామవాచకమే కదా, అదీ నిజమే. ఇట్లా రెండు వైపులా పనిచేసే మాటలు మన భాషలో ఇంకా ఎన్ని ఉన్నాయి? పిల్లలకు ఎట్లా చెప్పాలి?

పాకాల_జంక్షన్
పాప రాసింది కరెక్ట్. టీచర్ రాసిందీ కరెక్టే. ప్రశ్నే తప్పు.

ఎస్వీయూ_హాస్టల్
పండు సంగతేంది మరి? "ఈసారి చేను పండలేదు" అంటాం కదా. పండు కూడా క్రియే. దానికి పాప గీత గీయలేదు, టీచర్ కూడా పట్టించుకోలేదు.

రేణిగుంట_ప్యాసింజర్
నేను బడి వైపే మాట్లాడతా. ఐదో తరగతి పిల్లలకు ఒక ప్రశ్నకు ఒకే జవాబు ఉండాలి. "ఇదీ కావచ్చు, అదీ కావచ్చు" అని మొదలుపెడితే పిల్లలకు ఏదీ నిలవదు. పండు అంటే ఎవరికైనా ముందు మామిడిపండే గుర్తుకొస్తుంది. చదువు అంటే స్కూలు, డిగ్రీ. ఏ అర్థం ఎక్కువ వాడతామో అదే జవాబుగా పెట్టుకోవడంలో తప్పేముంది?

పాకాల_జంక్షన్
ఎక్కువ వాడేది ఏదో ఎవరు లెక్కపెట్టారు అన్నా? మా ఇంట్లో "చదువు" అనే మాట పొద్దున్నుంచి రాత్రి దాకా ఆజ్ఞగానే వినిపిస్తుంది.

విశ్రాంత_తెలుగుపంతులు
సర్వీసంతా ఈ పాఠమే చెప్పినవాణ్ని, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. ఓపికతో చదవండి.

తెలుగు క్రియ ఏ ప్రత్యయమూ లేకుండా వాక్యంలో కనిపించే చోటు దాదాపు ఒక్కటే. నువ్వు అని పిలిచే మనిషికి పని చెప్పే చోటు. చదువు, నవ్వు, అడుగు, పలుకు. అదే గౌరవంగా అంటే చదవండి, నవ్వండి, అడగండి, పలకండి. అక్కడ నామవాచకమేమో అన్న అనుమానమే రాదు. అంటే ఈ చిక్కు పెద్దలతో మాట్లాడేటప్పుడు లేదు, పిల్లలతో మాట్లాడేటప్పుడే ఉంది. అందుకే ఆ పాపకే ముందు తట్టింది. చాలా తెలివైన ప్రశ్న, ఆ పిల్లను మెచ్చుకోవాలి.

ఇక విడదీయడం ఎట్లా అంటారా? రెండింటికీ "ను" చేర్చి చూడండి. "చదువును నిర్లక్ష్యం చేయకు." "నేను ఈరోజు చదవను." నామవాచకంలో "వు" కదలకుండా అట్లాగే ఉంది. క్రియలో అది "వ" అయింది. జరిగిపోయిన పనికి వస్తే "చదివాను" అని "వి" అవుతుంది. అడుగు తీసుకోండి: "అడుగును జాగ్రత్తగా వెయ్యి", "నేను అడగను", "నేను అడిగాను". వెలుగు: "వెలుగును చూడు", "దీపం వెలగదు", "దీపం వెలిగింది". నవ్వు లాంటి చిన్న మాటల్లోనూ అంతే: "నవ్వును ఆపుకోలేకపోయాను", "నేను నవ్వను". నామవాచకం మొండిది, దాని అచ్చు మారదు. క్రియ కాలాన్ని బట్టి, మనిషిని బట్టి మారుతూ పోతుంది.

కాబట్టి విడిగా రాసిన "చదువు" అన్న మాటను చూపించి ఇది ఏమిటని అడగకూడదు. వాక్యం ఇవ్వాలి. 1852లో అచ్చయిన బ్రౌన్ నిఘంటువు తీసి చూడండి, ఇలాంటి మాటలకు క్రియగా ఒక అర్థం, నామవాచకంగా ఒక అర్థం రెండూ ఇస్తాడు. తర్వాత వచ్చిన పెద్ద నిఘంటువుల్లోనూ "వి." అని, "అ.క్రి.", "స.క్రి." అని విడివిడిగా గుర్తులు పెట్టారు. విశేష్యం, అకర్మక క్రియ, సకర్మక క్రియ అని వాటి అర్థం. నిఘంటువులు రెండూ ఒప్పుకున్నప్పుడు జవాబుల షీటు ఒక్కటే ఒప్పుకుంటే ఎట్లా?

లీలామహల్_సర్కిల్
పంతులుగారూ, "చదువును / చదవను" పాపకు చెప్పాను. వెంటనే పట్టేసింది. ఇప్పుడు ఇంట్లో కనపడిన ప్రతి మాటకూ "ను" తగిలిస్తోంది.

దామలచెరువు_మండీ
పండు గురించి ఎస్వీయూ తమ్ముడు అన్నాడు కాబట్టి మా మండీ మాట చెప్తా. మా దగ్గర కాయ అంటే కాయే, పండు అంటే పండే, ధర కూడా వేరు. "పండింది" అన్న మాట చెట్టు మీది కాయకు వాడతాం, చేలో వరికి వాడతాం, ముసలాయన తలకూ వాడతాం. చేలో పండితే దాని పేరు పంట. చెట్టున పండితే దాని పేరు పండు. ఒకే పని, చోటును బట్టి పేరు మారింది.

విశ్రాంత_తెలుగుపంతులు
దామలచెరువు వారు మంచి మాట అన్నారు. వండు నుంచి వంట, పండు నుంచి పంట, ఆడు నుంచి ఆట, పాడు నుంచి పాట. "డు" చివరగా ఉన్న క్రియలు చాలావరకు "ట" చేర్చుకుని నామవాచకం అవుతాయి. పండు మాత్రం అట్లా పంటనూ ఇచ్చింది, తానే నామవాచకంగానూ నిలబడింది. "చు"తో ముగిసేవి "పు" తెచ్చుకుంటాయి: పిలుచు పిలుపు, గెలుచు గెలుపు, అరుచు అరుపు, మార్చు మార్పు, తీర్చు తీర్పు. "యు"తో ముగిసేవి "త": కోయు కోత, మేయు మేత, రాయు రాత. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో క్రియలకు ఒక పరిచ్ఛేదం, క్రియల నుంచి పుట్టే మాటలకు కృదంతమని మరొకటి పెట్టాడు.

ఏ తోకా తగిలించుకోకుండా ఉన్నది ఉన్నట్టు నామవాచకమయ్యేవే మన ఇప్పటి చర్చలోని మాటలు.

సంగటి_ఊరుబిండి
ఒంట్లోంచి వచ్చే చప్పుళ్లు చూడండి. దగ్గు, తుమ్ము, నవ్వు, మూలుగు, ఉమ్ము. అన్నీ రెండూ. "దగ్గు వచ్చింది", "గట్టిగా దగ్గు". ఏడుపు ఒక్కటే వేరుగా ఉంది.

ఎస్వీయూ_హాస్టల్
ఏడుపు "చు" గుంపు కదక్కా, ఏడుచు – ఏడుపు. పంతులుగారు ఇప్పుడే చెప్పారు. అరుపు కూడా ఆ గుంపే.

సంగటి_ఊరుబిండి
సరే అట్లయితే వణుకు, ఉలుకు, కులుకు, బెణుకు, కునుకు, పలుకు. "ఉలుకూ పలుకూ లేదు" అంటామే, ఆ రెండూ క్రియలే, రెండూ నామవాచకాలే. వంటింట్లో కూడా ఉన్నాయి. "పులుసు రెండు పొంగులు రానిచ్చి దించు" అంటుంది మా అవ్వ. పాలు పొంగుతాయి, పొంగు వస్తుంది. "ఉడుకు నీళ్లు పెట్టు" అంటాం, బియ్యం ఉడుకుతాయి. పొయ్యి దగ్గర నిలబడితే ఈ మాటలు వాటంతట అవే నోటికొస్తాయి.

రేణిగుంట_ప్యాసింజర్
అట్లా అయితే చెప్పు? కాలికి వేసుకునేదీ, నోటితో చెప్పేదీ. నూరు అంటే వంద, పచ్చడి నూరడం. కారు అంటే బండి, ఇల్లు కారడం. వీటిని కూడా కలిపేస్తారా? కలిపేస్తే ఈ జాబితాకు అంతు ఉండదు.

పాకాల_జంక్షన్
కూడు తిని కూడు. (అంటే అన్నం తిని లెక్కలు చెయ్యి అని. మా నాయన ఎక్కాల పుస్తకం చేతికిచ్చి ఇట్లానే అనేవాడు.)

కుప్పం_మూడుభాషలు
పెరుగు పెరిగింది. ధర.

పుత్తూరు_పిల్ల
రేణిగుంట అన్న చెప్పినవి వేరే గుంపు. చెప్పు, చెప్పు వినడానికి ఒకటే గానీ వాటికి చుట్టరికం లేదు. దగ్గుకూ దగ్గడానికీ ఉంది. మా జేజి మాటల్లోంచే నాకు ఒక పరీక్ష దొరికింది. అదే మాటను రెండుసార్లు పక్కపక్కన పెట్టి చెప్పి చూడండి. "ఒక నవ్వు నవ్వాడు." "గట్టిగా తుమ్ము తుమ్మింది." "ఒక గుద్దు గుద్దాడు." "నాలుగు తిట్లు తిట్టింది." "ఒక వెలుగు వెలిగాడు." "పట్టు పట్టింది, వదల్లేదు." ఇవన్నీ మనం రోజూ అనే మాటలే. "చెప్పు చెప్పాడు" అని ఎవరైనా అంటారా? "నూరు నూరాడు" అంటారా? అనరు. అన్నది చెవికి సరిపోతే చుట్టాలు, సరిపోకపోతే పేరు కలిసినవాళ్లు.

మా ఊరి మాటే చూడండి. పుత్తూరు కట్టు అంటే ఈ చుట్టుపక్కల తెలియనివాళ్లు లేరు. కాలు చెయ్యి విరిగితే మద్రాసు వైపు నుంచి కూడా వస్తారు. పక్కనే రాచపాళెంలో విరిగిన చోట పసరు మందు, కోడిగుడ్డు తెల్లసొన పూసి, గుడ్డ చుట్టి, వెదురు బద్దలు పెట్టి కడతారు. "కట్టు కట్టించుకొచ్చాం" అంటాం. ఆ మాటలో కట్టు రెండుసార్లు వచ్చింది, రెండూ ఒకే పనికి సంబంధించినవే.

విశ్రాంత_తెలుగుపంతులు
చాలా బాగా చెప్పావమ్మా.

రేణిగుంట_ప్యాసింజర్
ఒప్పుకోను. మీ పరీక్షలో రెండు లోపాలు ఉన్నాయి. ఒకటి, "ఆట ఆడాడు", "ఏడుపు ఏడ్చాడు", "చూపు చూశాడు" కూడా అంటాం. అవి ఒకే మాట కావు గానీ మీ పరీక్షలో నెగ్గుతాయి. రెండోది, కునుకు. "కునుకు తీశాడు" అంటాం గానీ "కునుకు కునికాడు" అనం. సంగటి మేడమ్ జాబితాలో కునుకు ఉంది. మరి అది చుట్టమా, పేరు కలిసినదా?

పుత్తూరు_పిల్ల
ఆట, చూపు కూడా చుట్టాలే కదన్నా, తోక ఉన్న చుట్టాలు. మీరు అడిగింది చుట్టరికం గురించి, అది ఆ పరీక్ష తేలుస్తుంది. ఒకే రూపమా కాదా అన్నది కళ్లతో చూస్తేనే తెలిసిపోతుంది. దానికి పరీక్ష ఎందుకు?

కునుకు సంగతి: కునికిపాట్లు పడుతున్నాడు అంటాం. ఆ "కునికి" క్రియే. విడిగా వాడటం తగ్గిపోయింది, అంతే.

కుప్పం_మూడుభాషలు
మా ఊళ్లో ఇంట్లో తెలుగు, అంగట్లో తమిళం, సంతలో కన్నడం. అందుకే ఈ విషయం నాకు వేరేగా కనిపిస్తుంది. తమిళంలో నవ్వు అనడానికి సిరి, నామవాచకం సిరిప్పు. చదువుకు పడి, పడిప్పు. అక్కడ ఎక్కువ మాటలకు తోక ఉంటుంది. ఏ షీటులోనూ గొడవ రాదు. కానీ అక్కడ కూడా అడి అంటే కొట్టు, దెబ్బ రెండూ. సొల్ అంటే చెప్పు, మాట రెండూ. కన్నడంలో నగు అంటే నవ్వడమూ నవ్వూ, ఓదు అంటే చదవడమూ చదువూ, అచ్చం మనలాగే. అంటే మన పాప పేపర్ కన్నడం బళ్లో ఇచ్చి ఉన్నా ఇదే తగాదా వచ్చేది. ఇది తెలుగు లోపం కాదు. మన దక్షిణాది భాషల నడకే ఇంత.

గంగజాతర_వేషం
తిట్టు గురించి పుత్తూరు అక్క రాసింది కాబట్టి చెప్తున్నా. మే నెలలో తిరుపతి గంగజాతర చూసినవాళ్లకు ఇది బాగా తెలుసు. వేషం కట్టినవాళ్లు వీధిలో ఎవరినైనా తిట్టొచ్చు. తిట్టించుకున్నవాళ్లు కోపం తెచ్చుకోరు, నవ్వుకుంటారు. ఎందుకంటే ఆ తిట్టు మొక్కు కింద లెక్క. ఇక మొక్కు! తిరుపతిలో ఉంటూ ఇంతసేపు ఎవరూ ఈ మాట ఎత్తలేదేంది? "దేవుడికి మొక్కు" అంటే క్రియ. "మొక్కు తీర్చుకోవాలి" అంటే నామవాచకం. "మొక్కు మొక్కుకున్నాం" అంటే రెండూ.

ఎస్వీయూ_హాస్టల్
"మొక్కను నాటాను" అంటే మళ్లీ వేరే మాట. "మొక్కను" అంటే దండం పెట్టను అని కూడా. పంతులుగారూ, మీ "ను" పరీక్ష ఇక్కడ ఏమైంది?

విశ్రాంత_తెలుగుపంతులు
ఏమీ కాలేదు నాయనా. మొక్కు నామవాచకానికి "ను" చేరిస్తే "మొక్కును" అవుతుంది: "మొక్కును మరిచిపోకు." "మొక్కను" నామవాచకమైతే అది మొక్క అన్న మాటది. క్రియ అయితే మొక్కు నుంచి వచ్చింది. మూడు మాటలు, మూడు దారులు, "ను" ఎవరింటికి వాళ్లను చేర్చింది.

పాకాల_జంక్షన్
మొక్కు అన్నారు కాబట్టి మెట్టు కూడా చెప్పాలి. అలిపిరి నుంచి కొండకు మూడువేల ఐదువందల యాభై మెట్లు అంటారు. శ్రీనివాసమంగాపురం వైపు నుంచి ఎక్కేది శ్రీవారి మెట్టు, దానికి మెట్లు తక్కువ. ఇక్కడ మెట్టు నామవాచకం అని అందరికీ తెలుసు. క్రియగా ఎక్కడుందో తెలుసా? "మెట్టినిల్లు"లో. మెట్టడం అంటే కాలు మోపడం, తొక్కడం. పుట్టిన ఇల్లు పుట్టినిల్లు, కాలు మెట్టిన ఇల్లు మెట్టినిల్లు. రోజూ వేలమంది కాలు మోపి ఎక్కే రాయికి కూడా అదే మాట. నాకు ఇది తెలిసినప్పుడు చాలా సంతోషమేసింది.

లీలామహల్_సర్కిల్
పాకాల అన్నా, దీన్ని మా అత్తమ్మకు చదివి వినిపించాను. ఆమెకు కూడా చానా నచ్చింది.

రేణిగుంట_ప్యాసింజర్
ఇవన్నీ బాగున్నాయి, నాకూ ఇష్టమే. కానీ నా అసలు మాటకు ఎవరూ జవాబు చెప్పలేదు. నలభై మంది పిల్లలున్న క్లాసు. టీచర్‌కు చుట్టరికాలు, కృదంతాలు చెప్పేంత టైమ్ లేదు. దిద్దేటప్పుడు ఒక లెక్క కావాలి. ఆ లెక్క మీరు మార్చమంటే టీచర్లు ఏం చేయాలి?

పుత్తూరు_పిల్ల
దిద్దు కూడా రెండూనా? "దిద్దుబాటు" ఉంది గానీ "దిద్దు" అని నామవాచకంగా వినలేదు.

సంగటి_ఊరుబిండి
చెవికి పెట్టుకునే దుద్దు వేరు. దిద్దులు అని కూడా అంటారు కొంతమంది. చుట్టరికం ఉందో లేదో మీ పరీక్ష పెట్టి తేల్చండి.

విశ్రాంత_తెలుగుపంతులు
రేణిగుంట వారి మాట న్యాయమైనదే, అందుకే నేరుగా చెప్తాను. పని తగ్గించుకునే దారి ఉంది. ప్రశ్నలో విడి మాటలు ఇవ్వకుండా చిన్న వాక్యాలు ఇచ్చి, గీత ఉన్న మాట ఏమిటో అడగాలి. "రమ చదువు బాగుంది." "రమా, గట్టిగా చదువు." అంతే. పిల్లవాడు చదవగానే తెలిసిపోతుంది, టీచర్ దిద్దడానికి ఒక్క క్షణం చాలు. విడి మాటలే ఇవ్వాలనుకుంటే బల్ల, కొండ, తిను, పరుగెత్తు లాంటివి ఇవ్వండి. వాటిలో ఏ అనుమానమూ లేదు. చదువు, పండు, నవ్వు లాంటివి పెట్టి ఒక్క జవాబే కరెక్ట్ అనడం పిల్లవాడి చెవిని తప్పు పట్టడమే. పిల్లవాడి చెవి తప్పు కాదు. ఇంట్లో అమ్మ నోట రోజూ విన్నదే వాడు రాశాడు.

రేణిగుంట_ప్యాసింజర్
వాక్యాల్లో ఇవ్వడం అయితే నాకు అభ్యంతరం లేదు.

ఎస్వీయూ_హాస్టల్
ఇంగ్లీష్ మాటలు వచ్చాక ఈ పద్ధతే మారిపోయింది, గమనించారా? ఇంగ్లీష్‌లో కాల్, బుక్, టెక్స్ట్, ప్రింట్ ఇవన్నీ రెండు పనులూ చేస్తాయి. మనం తెచ్చుకున్నాక ఒక్కటే చేయనిస్తాం. "కాల్ చెయ్యి", "టికెట్ బుక్ చెయ్యి", "ప్రింట్ తియ్యి", "బ్రేక్ వెయ్యి", "టెన్షన్ పడకు". క్రియ మనదే ఉంటుంది. కాల్ అనే మాటను ఎంత వాడినా "కాల్‌తాను" అని ఎవరూ అనరు.

కుప్పం_మూడుభాషలు
సంస్కృతం మాటలకు మాత్రం "ఇంచు" తగిలించుకున్నాం కదా: ప్రేమించు, భావించు, దర్శించు. ఉర్దూ నుంచి దబాయించు, బుకాయించు, సతాయించు. ఇంగ్లీష్ దగ్గరకొచ్చేసరికి ఇంచు ఆగిపోయింది.

గంగజాతర_వేషం
ఆ ఇంచు కూడా పుస్తకాల్లోనే ఎక్కువ. కొండ దిగొచ్చినవాళ్లను "స్వామిని దర్శించావా?" అని తిరుపతిలో ఎవరడుగుతారు? "దర్శనం బాగా అయిందా?" అంటాం. తోపులాట ఎక్కువగా ఉందా, లడ్డూలు ఎన్ని తెచ్చావు, ఇవే తర్వాతి ప్రశ్నలు.

పాకాల_జంక్షన్
చదువుకొనడం ఒకప్పుడు. ఇప్పుడు చదువు కొనడం. మధ్యలో కాస్త ఖాళీ పెడితే చాలు, ఒకచోట క్రియ, ఒకచోట నామవాచకం.

లీలామహల్_సర్కిల్
ఫీజు కట్టే నెలలో ఈ మాట నాకు ఇంకా బాగా అర్థమవుతుంది అన్నా.

కాణిపాకం_రోడ్
మా వైపు ఇంటికో ఆవు ఉంటుంది. పాడి మాటల్లో ఒకటి: పొదుగు. ఆవుకు ఉండేది పొదుగు, కోడి గుడ్ల మీద కూర్చుని పొదుగుతుంది. "పొదుగు వాపు" వచ్చిందని డాక్టరును పిలుస్తాం. "కోడి ఇంకా పొదగలేదు" అంటాం. వీటికి చుట్టరికం ఉందా?

పుత్తూరు_పిల్ల
"పొదుగు పొదిగింది" అని చెప్పలేం. ఒకటి ఆవుది, ఒకటి కోడిది. పేరు కలిసినవాళ్లనే అనుకుంటున్నా.

సంగటి_ఊరుబిండి
చేలో కలుపు కూడా అట్లాంటిదే. "కలుపు తియ్యి" అంటే గడ్డి పీకు అని. "పెరుగన్నం కలుపు" అంటే వేరే పని.

దామలచెరువు_మండీ
కలుపు చుట్టమే అయ్యుండొచ్చు మేడమ్. పంటలో కలిసిపోయి పెరిగేది కాబట్టి కలుపు అయింది అని మా పెద్దలు చెప్పేవాళ్లు. మా తోటల్లో ఇంకోటి ఉంది, అంటు. కొమ్మను ఇంకో మొక్కకు అంటిస్తే అది అంటు. "అంటు కట్టారు", "అంటు అంటుకుంది", "అంటు బతికింది". మా వైపు బెంగుళూరు మామిడి తోటలన్నీ అంటు మొక్కలతోనే పెట్టినవి. అంటించడం అనే పని నుంచే ఆ మొక్కకు పేరు వచ్చింది. అంట్లు తోమడంలోని అంట్లు కూడా అంతే, అన్నం అంటుకున్న గిన్నెలు.

ఎస్వీయూ_హాస్టల్
అలుగు? అలక వచ్చినవాళ్లు అలుగుతారు. చెరువు నిండితే అలుగు పారుతుంది.

కాణిపాకం_రోడ్
మా చిత్తూరు వైపు అలుగు అనం, మొరవ అంటాం. "చెరువు మొరవ పోయింది" అంటే ఆ ఏడు మంచి వాన పడినట్టే. అలుగు అనే మాట రేడియోలో, పేపర్లో చూసిందే.

విశ్రాంత_తెలుగుపంతులు
ఒక మంచి మాట మిగిలిపోయింది: నేర్పు. నేర్చు అన్న క్రియకు నామవాచకం నేర్పు, "చు"కి "పు" వచ్చింది. మళ్లీ అదే నేర్పు క్రియ కూడా, ఇంకొకరికి నేర్పించడం. "ఆ అమ్మాయి నేర్పు చూడు." "ఆ అమ్మాయికి కుట్టు నేర్పు." కుట్టు కూడా రెండూనే, పనిలో పనిగా గమనించండి.

లీలామహల్_సర్కిల్
దామలచెరువు అన్నా, పాప ఒక సందేహం అడుగుతోంది. కాయ "మగ్గింది" అంటారు కదా, మరి మగ్గు కూడా ఈ లెక్కలోకి వస్తుందా?

దామలచెరువు_మండీ
రాదు. మగ్గడం కాయ చేసే పని. బాత్‌రూమ్‌లో ఉండే మగ్గు ఇంగ్లీష్ నుంచి వచ్చింది. మేము మగ్గబెట్టడం అంటాం: పక్వానికొచ్చిన కాయను తొడిమ విరగకుండా కోసి, వరిగడ్డి పరిచి, ఒక వరస కాయ ఒక వరస గడ్డి పేర్చి గది మూసేస్తాం. తలుపు తీసేసరికి వాసన వీధి దాకా వస్తుంది. పాపను సీజన్‌లో మండీకి తీసుకురండి, కాయలు చూపిస్తా.